పాత డీజిల్ పికప్ స్లోలో కొట్టుకుంటుంటే, పంపు నాజిల్ విప్పించేముందు ఇవి చూడండి

మార్కెట్ యార్డులో లైన్లో ఉంటారు, ముందు ఇంకా పది బండ్లు. ఇంజన్ ఆపితే మళ్ళీ స్టార్ట్ అవుతుందో లేదో అని భయం, ఆపకపోతే గేర్ రాడ్ గంగిరెద్దు తల ఊపినట్టు ఊగుతుంటుంది, డాష్‌బోర్డు మీద ఎంకన్న బొమ్మ కూడా వణుకుతుంటుంది, కొంచెం రేస్ ఇస్తే మాత్రం ఏమీ ఎరగనట్టు సాఫీగా తిరుగుతుంది. ఈ జబ్బు గురించే, అంటే రేస్ ఇవ్వకుండా స్లోలో ఉన్నప్పుడు ఇంజన్ కొట్టుకోవడం గురించే రాస్తున్నా. నాది మదనపల్లె సైడు, టమాటా లోడ్లు తోలే పాత డీజిల్ పికప్ ఉంది, నేను మెకానిక్‌ని కాదు కానీ షెడ్ల చుట్టూ తిరిగి తిరిగి, డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నది ఇది.

ఒకటి ముందే చెప్పేస్తా, ఇది పంపు బండ్లకి మాత్రమే. అంటే పాత బొలెరో పికప్ డీఐ, టాటా 207 డీఐ లాంటివి, మెకానికల్ పంపు, నాలుగు సన్న ఇనప పైపులు, సిలిండర్లలోకి డీజిల్ చల్లే నాలుగు నాజిళ్ళు ఉండేవి. దేశమంతా బీఎస్4 (బండి పొగ మీద సర్కారు రూలు) వచ్చింది 2017లో, అంతకుముందు బండ్లలో ఇవి చాలా ఉన్నాయి. మీది కామన్ రైల్ బండి అయితే, అదే మనోళ్ళు సెన్సార్ బండి అంటారు చూడండి, దాని పైపు నట్టు మీద పానా పెట్టొద్దు, దాంట్లో ప్రెజర్ వేరే లెవెల్, స్కానర్ పెట్టి చూపించుకోవాల్సిందే. ఇంకోటి, యూట్యూబ్‌లో వెతికితే అమెరికా పికప్‌ల వీడియోలు బోలెడు వస్తాయి, స్పార్క్ ప్లగ్ మార్చు, వాక్యూమ్ పైపు చూడు, ఇన్‌టేక్ చుట్టూ స్ప్రే కొట్టు అని, అవన్నీ పెట్రోల్ ఇంజన్లవి. మన డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గే లేదు. ఆ వీడియో చూసి ఎయిర్ ఫిల్టర్ పైపులోకి పెట్రోలో స్ప్రేయో కొట్టారనుకోండి, ఇంజన్ చేతికి దొరక్కుండా రేస్ అయిపోవచ్చు, వద్దు.

ముందు ఏమీ విప్పకుండా చూడండి

పానా పట్టుకోకముందు ఒక పది నిమిషాలు ఊరికే చూడండి, సగం సంగతి ఇక్కడే తెలిసిపోతుంది. అసలు ఇంజన్ మిస్ అవుతోందా, అంటే ఏదో సిలిండర్ పేలకుండా తప్పుతోందా, లేక ఇంజన్ బాగానే తిరుగుతూ బాడీ మాత్రమే అదురుతోందా? ఈ రెండూ క్యాబిన్‌లో కూర్చుంటే ఒకేలా ఉంటాయి. కిందికి దిగి సైలెన్సర్ వెనక నిలబడి వినండి. 800 ఆర్పీఎంలో నాలుగు సిలిండర్ల ఇంజన్ సెకనుకు 26, 27 సార్లు పేలుతుంది, అదంతా కలిసి ఒకటే డుర్రుమనే శబ్దంలా వినపడాలి. ఒక సిలిండర్ పని చేయకపోతే సెకనుకు ఆరేడు గ్యాపులు పడతాయి, చెవికి దొరుకుతుంది, కుంటుకుంటూ నడిచినట్టు. చెవికి దొరక్కపోతే ఒక కాగితం ముక్క సైలెన్సర్ మూతి దగ్గర పట్టుకోండి, ఒకే తీరున రెపరెపలాడితే సరే, మధ్యమధ్యలో తెగి తెగి కొట్టుకుంటుంటే మిస్సింగే.

సైలెన్సర్ సౌండు శుభ్రంగా ఉండి బాడీ మాత్రమే అదురుతుంటే ఇంజన్ ఫౌండేషన్ రబ్బర్లు చూడండి. పాత బండ్లలో ఆయిల్ కారి కారి ఆ రబ్బరు మెత్తబడి ఇనుముకి ఇనుము తగులుతుంటుంది, టార్చ్ వేస్తే కనపడుతుంది. దీనికి పంపు సర్వీస్ చేయించుకున్నోళ్ళని చూశా నేను. అట్లాగే క్లచ్ నొక్కి చూడండి, నొక్కగానే అదురు మారిపోతే సంగతి ఇంజన్‌లో కాదు, క్లచ్ దగ్గర వెతకాలి.

మిస్సింగ్ అయితే అది ఎలాంటిదో గమనించండి. ఆర్పీఎం పైకీ కిందికీ ఊయల ఊగినట్టు పోతా వస్తా ఉంటే ఎక్కువసార్లు లైన్లో ఎయిర్ పట్టినట్టు. ఒకే తీరుగా టప్ టప్ టప్ అని ఒక దెబ్బ తప్పుతుంటే ఏదో ఒక సిలిండర్ పని చేయట్లేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొట్టుకుని వేడెక్కాక సర్దుకుంటే కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుడు) వైపో, నాజిల్ వైపో, ట్యాపెట్ (వాల్వుల గ్యాప్) వైపో చూడాలి. అరగంట నడిచాక మొదలవుతుంటే డీజిల్ సరిగా అందట్లేదని అనుమానించండి.

పొగ కూడా చూడాలి. నల్లగా వస్తే డీజిల్ ఎక్కువ పడుతోంది లేదా గాలి చాలట్లేదు, ఎయిర్ ఫిల్టర్ తీసి ఒకసారి దులపండి, అసలు మూసుకుపోయి ఉంటే మార్చండి. తెల్లగా, కళ్ళు మండేటట్టు పచ్చి డీజిల్ వాసనతో వస్తే డీజిల్ కాలకుండా బయటికొస్తోంది. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్లగా వస్తూ రేడియేటర్‌లో నీళ్ళు కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు) పోయిందని అనుమానం, ఆ బండిని ఇంక తిప్పొద్దు, నేరుగా షెడ్డుకే.

డీజిల్ దారి: నూటికి సగం కేసులు ఇక్కడే అని నా నమ్మకం

లెక్కలు తీయలేదు గానీ, నా బండి, మా వాళ్ళ బండ్లు చూశాక ఇదే అనిపిస్తుంది. నాజిల్ నుంచి వెనక్కి కాదు, ట్యాంకు నుంచి ముందుకి రండి.

ట్యాంకు మూత. నవ్వొద్దు. డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి పోవాలి, మూత రంధ్రం దుమ్ముతో మూసుకుపోతే లోపల వాక్యూమ్ పట్టి డీజిల్ రాదు. బండి కొట్టుకునేటప్పుడే పోయి మూత తీయండి, బుస్సుమని గాలి లోపలికి పోయి ఇంజన్ సర్దుకుంటే కనుక ఆ మూత కడిగితే సరిపోతుంది.

తర్వాత ఫిల్టర్ కింద ఉండే డ్రెయిన్ స్క్రూ. కింద గాజు సీసా పెట్టి వదలండి, ఐదు నిమిషాలు కదపకుండా ఉంచితే నీళ్ళు అడుగున, డీజిల్ పైన, మధ్యలో గీత గీసినట్టు కనపడుతుంది. వానాకాలంలో, సగం ట్యాంకుతో రోజుల తరబడి నిలబెట్టిన బండ్లలో నీళ్ళు ఖాయం. నీళ్ళు వస్తే మొత్తం పోయేదాకా వదిలి ఫిల్టర్ మార్చేయండి, ఆ నీళ్ళు పంపులోకి పోతే తుప్పు పట్టి పెద్ద ఖర్చు. ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తు లేదంటే మార్చాల్సిన టైమ్ అయిపోయినట్టే లెక్క. పాత బండ్లు చాలావాటిలో రెండు ఫిల్టర్ గిన్నెలుంటాయి, మెకానిక్ కుర్రోళ్ళు ఒకటే మార్చి పంపిస్తుంటారు, దగ్గరుండి రెండూ మార్పించండి.

ఇప్పుడు అసలైన దొంగ, ఎయిర్. దీని గురించి కొంచెం అర్థం చేసుకుంటే చాలా డబ్బులు మిగులుతాయి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకులోంచి డీజిల్ లాగి పెద్ద పంపుకి అందించే చిన్న పంపు) దాకా ఉండే పైపులో డీజిల్‌ని నెట్టడం ఉండదు, పీల్చడమే. కాబట్టి ఆ పైపుకి సన్న పగులుంటే ఇంజన్ తిరిగేటప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద చుక్క కూడా పడదు, లీకేజీ లేదు కదా అనుకుంటాం. ఫీడ్ పంపు దాటిన తర్వాత మాత్రం ప్రెజర్ ఉంటుంది, అక్కడ లీకైతే తడి కనపడుతుంది. పొద్దున స్టార్టింగ్ లేటవడం, స్టార్ట్ అయ్యాక రెండు నిమిషాలు ఊగడం, ఈ రెండూ కలిసి ఉంటే రాత్రంతా గాలి పట్టి డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోతోందని అర్థం.

నా బండికి ఇదే అయింది. ఒక షెడ్డులో నాలుగు నాజిళ్ళూ సర్వీస్ చేశారు, రెండు రోజులు బాగుంది, మళ్ళీ మొదలు. పంపు దించాలి అన్నారు. పంపు దించడం అంటే ఎంతవుతుందో మీకు తెలుసు. ఆ టైములో యార్డులో పక్కన నిలబెట్టిన లారీ డ్రైవరు పెద్దాయన ఒకాయన నా బండి సౌండు విని, ఏమబ్బా, క్యాన్ పెట్టి చూసినావా అన్నాడు. క్యాన్ ఏంది అన్నా. ఆయనే ఐదు లీటర్ల నూనె క్యాన్ ఒకటి తెచ్చి, డీజిల్‌తో రెండుసార్లు కడిగి, నిండా డీజిల్ పోసి, బానెట్ పక్కన ఎత్తులో తాడుతో కట్టి, ట్యాంకు నుంచి వచ్చే పైపు ఫీడ్ పంపు దగ్గర పీకేసి క్యాన్ నుంచి ఒక కొత్త పైపు ఇచ్చాడు. ఎయిర్ తీసి స్టార్ట్ చేస్తే కుట్టు మిషన్ మాదిరి తిరిగింది. నేను నోరెళ్ళబెట్టి చూస్తున్నా. చివరికి ఛాసిస్ పక్కన క్లిప్పు కింద రబ్బరు పైపు రాపిడికి అరిగి, వెంట్రుకంత చీలిక పడి ఉంది, వేలితో వంచితే గానీ కనపడలేదు. జానెడు పైపు, రెండు క్లాంపులు, అంతే ఖర్చు.

కాబట్టి మీరూ క్యాన్ టెస్ట్ చేయండి. క్యాన్ లోపల తడి లేకుండా, శుభ్రంగా ఉండాలి, సైలెన్సర్ వైపు, ఫ్యాన్ వైపు వేలాడకుండా గట్టిగా కట్టాలి, రిటర్న్ పైపు ట్యాంకుకే వదిలేయండి. క్యాన్‌తో సాఫీగా తిరిగితే జబ్బు ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్యలో ఉంది: పైపు, క్లాంపు, లేదా ట్యాంకు లోపలి జాలీ. క్యాన్‌తో కూడా కొట్టుకుంటుంటే ఆ భాగం బాగున్నట్టే, ముందుకి రండి. ఫిల్టర్ నుంచి పంపుకి పోయే పైపు చోట తాత్కాలికంగా పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పైపు పెడితే ఇంకా మంచిది, బుడగలు కళ్ళతో చూడొచ్చు. బుడగలు వస్తుంటే ఒక్కో జాయింటూ చూసుకుంటూ పోండి, బోల్టుల కింద రాగి వాషర్లు విప్పిన ప్రతిసారీ మార్చాలి, పాతదే తిప్పి వేస్తే మళ్ళీ అక్కడే గాలి.

ఎయిర్ తీయడం ఇలా. ఫిల్టర్ తల మీద గాలి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉండండి, ముందు నురగ, తర్వాత బుడగలు, తర్వాత గట్టిగా డీజిల్ వస్తుంది, డీజిల్ కారుతుండగానే బిగించేయాలి, ఆగిన తర్వాత బిగిస్తే ఉపయోగం లేదు. తర్వాత పంపు మీద బ్లీడ్ స్క్రూ ఉంటే దానికీ అంతే. అప్పటికీ స్టార్ట్ అవ్వకపోతే నాజిల్ దగ్గర రెండు పైపు నట్లు అర చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టండి, చుక్కలు చుక్కలుగా డీజిల్ తన్నాక బిగించండి. సెల్ఫ్ ఒకేసారి పది పదిహేను సెకన్లకి మించి వద్దు, మధ్యలో మోటార్‌కి కాస్త రెస్ట్ ఇవ్వండి.

ఏ సిలిండర్ అనేది పట్టుకోవడం

డీజిల్ శుభ్రంగా అందుతున్నా ఒక దెబ్బ తప్పుతుంటే ఇప్పుడు నాలుగింట్లో ఏది అనేది తేల్చాలి.

ఫస్ట్ తేలిక టెస్ట్. పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి కొద్దిసేపు ఆగి, తడి గుడ్డతో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద నాలుగు దారుల దగ్గరా ఒక్కో చుక్క నీళ్ళు విదిలించండి. దోశె పెనం మీద చల్లినట్టు చుయ్ మంటే ఆ సిలిండర్ మండుతోంది, చుక్క అట్లాగే నిలబడితే అదే నీ దొంగ. చుక్కలే చాలు, వేడెక్కిన పోత ఇనుము మీద మగ్గుతో పోస్తే పగులుతుంది. ఆలస్యం చేస్తే అన్నీ వేడెక్కిపోయి తేడా తెలీదు.

రెండోది నట్టు వదులు చేసే టెస్ట్, ప్రతి మెకానిక్ చేసేదే, కానీ జాగ్రత్త మాత్రం ఎవరూ చెప్పరు. నాజిల్ తెరుచుకునే ప్రెజర్ 200 బార్లకి అటూ ఇటూ ఉంటుంది, లారీ టైర్‌లో గాలి 8 బార్లు, మీరే లెక్కేసుకోండి. ఆ సన్న ధార చర్మంలోకి సూదిలా దిగిపోతుంది, నొప్పి పెద్దగా తెలీదు కానీ లోపల కుళ్ళుతుంది, అలా తగిలితే చిన్న గాటే కదా అని ఇంటికి పోకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి. కళ్ళకి అద్దాలు పెట్టుకోండి, నట్టు మీద మందపాటి గుడ్డ కప్పండి, వేలు అడ్డం పెట్టి చూడొద్దు, పక్కన బీడీ కాల్చేవాళ్ళని దూరం పంపండి.

స్లోలో ఇంజన్ తిరుగుతుండగా, ఒకటో సిలిండర్ నాజిల్ దగ్గర పైపు నట్టు (చాలా బండ్లకి 17 పానా పడుతుంది) అర చుట్టు వదలండి. ఇంజన్ ఇంకా కుంగిపోయి ఎక్కువ కొట్టుకుంటే ఆ సిలిండర్ బాగా పని చేస్తోంది, బిగించేసి రెండోదానికి పోండి. ఏ నట్టు వదిలినప్పుడు ఇంజన్‌కి చీమ కుట్టినట్టు కూడా లేదో, అదే చెడిన సిలిండర్. రేడియేటర్ వైపు ఉండేది ఒకటో నంబర్, పేలే వరుస 1-3-4-2, రాసిపెట్టుకోండి, తర్వాత ట్యాపెట్‌కి పనికొస్తుంది. నాలుగింటికీ కొంచెం కొంచెంగానే కుంగితే ఒక్క సిలిండర్ సమస్య కాదు, అన్నిటికీ కలిసిన కారణం ఏదో ఉంది, మళ్ళీ డీజిల్ దారి చూడండి లేదా పంపు టైమింగ్.

నాజిల్

దొరికిన సిలిండర్ నాజిల్‌ని పక్కదానితో మార్చి బిగించండి. జబ్బు కూడా పక్క సిలిండర్‌కి పోతే నాజిల్‌దే తప్పు, అక్కడే ఉండిపోతే నాజిల్‌ని తిట్టకండి. విప్పే ముందు చుట్టూ దుమ్ము బాగా తుడవండి, ఊడదీసిన పైపు మూతులకి శుభ్రమైన ప్లాస్టిక్ కవర్ చుట్టండి, ఇసుక రేణువు ఒకటి లోపలికి పోయినా నాజిల్ పాడవుతుంది. నాజిల్ కింద రాగి వాషర్ కొత్తది వేయండి, పాత వాషర్ గుంటలో ఇరుక్కుని ఉంటుంది, చూడకుండా దాని మీదే కొత్తది వేసేస్తారు, రెండు వాషర్లయితే నాజిల్ ఎత్తులో తేడా వస్తుంది. విప్పేటప్పుడు గుంట చుట్టూ నల్లగా మసి పట్టి, తిరిగేటప్పుడు చఫ్ చఫ్ అని శబ్దం ఉండుంటే వాషర్ దగ్గర నుంచే కంప్రెషన్ పోతోంది, నాజిల్ మంచిదే కావచ్చు.

నాజిల్ మూతిని ఇంట్లో గుండుసూదితో, వైర్ బ్రష్‌తో గీకొద్దు. పంపు షాపులో చేతి టెస్టర్ మీద పెట్టించి మీరే పక్కన నిలబడి చూడండి, పొగమంచు లాగా అన్ని రంధ్రాల నుంచీ సమానంగా చల్లాలి, ఆగగానే తెగిపోవాలి. చివర చుక్క వేలాడితే మార్చాల్సిందే. అట్లాగే నాజిళ్ళ పైన ఒకదాని నుంచి ఇంకోదానికి పోయే సన్న రిటర్న్ రబ్బర్లు, ఎండిపోయి చిట్లి ఉంటాయి, అవి ఎలాగూ చవకే, ఈ పనితోపాటే మార్చేయండి.

ట్యాపెట్, కంప్రెషన్

నాజిల్ బాగుండి కూడా సిలిండర్ చచ్చి ఉంటే ట్యాపెట్ చూడాలి. టక టక శబ్దం వస్తే లూజ్ అని అందరికీ తెలుసు, ప్రమాదం శబ్దం రాని టైట్ ట్యాపెట్‌తో, వాల్వ్ పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోతుంది, కొన్నాళ్ళకి వాల్వ్ కాలిపోతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, వేడిగా ఉన్నప్పుడా, గ్యాప్ ఎంత అనేది మీ బండి బుక్కులో ఉన్నదే పాటించండి, పక్క బండి లెక్క వద్దు. పద్ధతి ఏంటంటే, నాలుగోదాని రెండు వాల్వులూ ఒకటి మూసుకుంటూ ఇంకోటి తెరుచుకునే స్థితిలో ఉన్నప్పుడు ఒకటోదాన్ని సెట్ చేయాలి, ఒకటోది అట్లా ఉన్నప్పుడు నాలుగోదాన్ని, రెండుకీ మూడుకీ అదే జత. గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్ పట్టి పట్టనట్టు జారాలి.

దీనికీ లొంగకపోతే ఆయిల్ పోసే మూత తీసి చూడండి, ఇంజన్ తిరుగుతుండగా. కొంచెం ఆవిరి మామూలే, బుస్ బుస్‌మని పొగ తన్నుతూ మూత పెడితే ఎగరేస్తుంటే బ్యాక్ కంప్రెషన్, రింగులు, లైనర్లు అరిగాయి, ఇంజన్ విప్పి పని చేయించాల్సి వచ్చినట్టే. నిర్ధారణకి కంప్రెషన్ టెస్ట్ చేయించండి, డీజిల్ గేజ్‌తోనే, పెట్రోల్ గేజ్ ఈ ప్రెజర్‌కి నిలవదు. అంకె ఎంత ఉందనే దానికంటే నాలుగింటి మధ్య తేడా ఎంత ఉందనేది అడగండి. మూడు ఒకలా ఉండి ఒకటి మాత్రం బాగా పడిపోయి ఉంటే ఆ ఒక్కదాని వాల్వో, గ్యాస్కెట్టో, రింగులో. పంపు విప్పడం అనే మాట ఇక్కడికి వచ్చాకే, అదీ పంపు షాపులోనే, షెడ్డులో నేల మీద విప్పే చోట కాదు.

ఆఖరున మాత్రమే స్లో స్క్రూ

చాలామంది మొదట చేసేది ఇదే, బండి కొట్టుకుంటోందని స్లో పెంచేస్తారు. అదురు తగ్గినట్టు కనపడుతుంది, లోపల జబ్బు పెరుగుతుంటుంది, డీజిల్ కూడా ఎక్కువ తాగుతుంది. మిగతావన్నీ అయ్యాక, ఇంజన్ బాగా వేడెక్కాక, యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుని లేదని చూసుకుని, లాక్ నట్టు వదిలి స్లో స్క్రూ పావు చుట్టు చొప్పున తిప్పండి. చాలా బండ్లకి 750 నుంచి 850 మధ్య ఉంటుంది, మీ బండి బుక్కులో అంకె ఉంటే అదే. పంపు మీద సీసం సీలు వేసిన స్క్రూలు ఉంటాయి, వాటి జోలికి మాత్రం పోవద్దు, అవి స్లో కోసం కాదు.

హెడ్‌లైట్లు వేసి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి, ఇంజన్ ఆగిపోకుండా ఉందో లేదో చూసి లాక్ నట్టు బిగించండి. అంతటితో అయిపోయిందనుకోకుండా ఆ రాత్రి బండిని ముక్కు పైకి ఉండేలా కాస్త ఏటవాలులో పెట్టండి, గాలి ఇంకా ఎక్కడైనా దూరుతుంటే డీజిల్ వెనక్కి జారి తెల్లారేసరికి బయటపడుతుంది. పొద్దున నాలుగింటికి ఒక్క సెల్ఫ్‌కే అందుకుని, గేర్ రాడ్ ఊగకుండా నిలబడితే లోడ్‌కి బయల్దేరండి.